చదువులో ముందున్న పిల్లలను ఊరి బడి నుంచి తరలించవద్దు

సంపాదకులకు,

నమస్కారం. ఏ ఊరి పిల్లలు ఆరో తరగతికి ఏ బడికి వెళ్లాలి, బాగా చదివే పిల్లలను ఐదో తరగతి కాగానే వేరే చోటికి పంపాలా వద్దా అనే రెండు ప్రశ్నలు తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో తల్లిదండ్రులను ఏటా వేధిస్తూనే ఉన్నాయి. మొదటిదాన్ని మ్యాపింగ్ సమస్యగా, రెండోదాన్ని ఇంటివారి సొంత వ్యవహారంగా చూడటం విద్యాశాఖకు అలవాటైపోయింది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిగా నేను ఈ రెండూ ఒకటేనని నమ్ముతున్నాను. బడి పరిధిని ఆలోచించి నిర్ణయించి, అందులో సబ్జెక్టు టీచర్లను ఉంచితే, ఎంత తెలివైన పిల్లలైనా ఎనిమిదో తరగతి దాకా సొంత ఊరి బడిలోనే చదువుకోవచ్చు. వారు అక్కడే ఉండటం వారికీ, తోటి పిల్లలకూ మేలు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం నియమాల ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల వారికి కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారికి మూడు కిలోమీటర్ల లోపల బడి ఉండాలి. ఆ తర్వాత 2022 జూన్‌లో వచ్చిన రాష్ట్ర ప్రభుత్వ 117వ నంబరు ఉత్తర్వు మూడు, నాలుగు, ఐదు తరగతులను కూడా పలుచోట్ల ఉన్నత పాఠశాలలకు తరలించింది. 2025లో దాన్ని పక్కనపెట్టి బడులకు కొత్త వర్గీకరణ తెచ్చారు. ఇన్ని మార్పుల్లోనూ కొలత మాత్రం కిలోమీటరే. తిరుపతి రూరల్ మండలంలో కొన్ని కాలనీల వారికి రెండు వీధుల అవతలే పురపాలక పాఠశాల ఉంటుంది, కానీ వారి పంచాయతీ వేరు కాబట్టి జాతీయ రహదారి దాటి జిల్లా పరిషత్ బడికి పొమ్మంటారు. స్వర్ణముఖి అవతలి ఊళ్ల సంగతి చెప్పనక్కరలేదు. 2021 నవంబరు వరదల్లో ఆ ఏరు ఎలా పొంగిందో, ఎన్ని దారులు తెగిపోయాయో చూసిన వారెవరూ కాగితం మీది దూరాన్ని నమ్మి పదేళ్ల పిల్లను పంపరు. పురపాలక పాఠశాలల పర్యవేక్షణను 2022లోనే పాఠశాల విద్యాశాఖకు అప్పగించారు కదా, మరి కార్పొరేషన్ హద్దును ఇంకా బడి హద్దుగా ఎందుకు పాటించాలి?

హద్దు ఎంత బాగా నిర్ణయించినా లోపల చెప్పేవారు లేకపోతే ప్రయోజనం ఉండదు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు గణితం–సైన్సుకు ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు తప్పనిసరిగా ఉండాలని అదే చట్టం షెడ్యూలులో ఉంది. తక్కువ మంది పిల్లలున్న ప్రాథమికోన్నత పాఠశాలల్లో ఎస్జీటీలే (ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లే) రెండేసి తరగతులు కలిపి నెట్టుకొస్తున్నారు. అందుకు వారిని తప్పుపట్టను, వారి మీద ఉన్న భారం నాకు తెలుసు.

అలాంటి ఒక బడికి ఈమధ్య వెళ్లాను. ఏడో తరగతిలో సాధారణ వడ్డీ లెక్కలు చేయిస్తున్నారు. వెయ్యి రూపాయలు, నూటికి ఏడాదికి పది వడ్డీ, మూడేళ్లు. అందరికంటే ముందు ముగించిన ఒక అమ్మాయి నోటుపుస్తకం చివరి పేజీలో ఇంకో పట్టిక గీసుకుంది: మొదటి ఏడు 1100, రెండో ఏడు 1210, మూడో ఏడు 1331. ఏమ్మా ఇది అని అడిగితే, 'వడ్డీ ఇవ్వకుండా వాళ్ల దగ్గరే పెట్టుకుంటే దానికి కూడా వడ్డీ రావాలి కద సార్' అంది. ఎనిమిదో తరగతిలో రావలసిన చక్రవడ్డీని ఆ పిల్ల ఎవరూ చెప్పకుండానే పట్టుకుంది. అవతల ఆరో తరగతి వారికి పాఠం చెబుతున్న టీచరుకు ఆ పేజీ చూసే తీరిక లేదు. లెక్క అయిపోయింది కాబట్టి మిగతావారి పుస్తకాలు దిద్దమని పురమాయించారు. తండ్రి ఆటో తోలుతాడు, వచ్చే ఏడాది అప్పు చేసైనా తిరుపతిలో 'ఐఐటీ ఫౌండేషన్' చెప్పే హాస్టల్లో చేర్చాలని ఆ ఇంట్లో అనుకుంటున్నారట. ఆ పిల్లకు కావలసింది హాస్టల్ కాదు, తన చివరి పేజీ చూసే టీచరు.

నవోదయ, గురుకుల విద్యాలయాలకు నేను వ్యతిరేకిని కాను. పేదింటి పిల్లలు ఎందరో వాటి వల్లే పైకి వచ్చారు. అయితే ఒక్కో నవోదయలో ఆరో తరగతికి తీసుకునేది గరిష్ఠంగా 80 మందినే. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఉన్న నవోదయ మదనపల్లె దగ్గరి వలసపల్లెలో ఉంది, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక అది తిరుపతి జిల్లా బయటికి పోయింది. ఎంపికైన ఆ కొద్దిమంది సరే, ప్రవేశ పరీక్ష రాసి సీటు రానివారు, రాయడానికి ఇంటివారు పంపనివారు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎక్కడ చదవాలి? ఊరి బడిలో కొనసాగేవారికి కేంద్రం ఇచ్చే ఎన్ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) ఉపకార వేతనం ఉంది. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసి గెలిస్తే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. నవోదయ, గురుకుల విద్యార్థులకు అది వర్తించదు, మామూలు ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల వారికే. మేధాశక్తి పరీక్షకు 90, పాఠ్యాంశాలకు 90 మార్కులుండే ఆ పరీక్షకు చాలా బడుల్లో చివరి నెలలో హడావిడిగా తయారుచేస్తారు. ఆరో తరగతి నుంచే వారానికి రెండు పీరియడ్లు కేటాయిస్తే ఫలితం వేరుగా ఉంటుంది.

తరగతిలో ముందుండే నలుగురిని ఏరి తీసుకుపోతే మిగిలినవారిలో ప్రశ్న అడిగేవారుండరు. టీచరు కూడా పాఠం స్థాయిని దించుకుంటూ పోతారు. మరుసటి ఏడు ఇంకో నలుగురు టీసీ అడుగుతారు, సంఖ్య తగ్గిందని పోస్టు తీసేస్తారు. ఇలా చేజారిన బడులను నేను చూశాను.

ఏడో తరగతి పిల్లకు ఎనిమిదో తరగతి లెక్కలు అందుతుంటే ఆ ఒక్క పీరియడూ ఆ గదిలో కూర్చోబెట్టడానికి ఖర్చేమీ లేదు, టైంటేబుల్లో రెండు తరగతుల లెక్కల పీరియడ్లను సర్దుకుంటే చాలు. ఆ వీలు లేని చిన్న బడుల పిల్లలను స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) కేంద్రానికి శనివారం మధ్యాహ్నం పిలిచి, అక్కడి స్కూల్ అసిస్టెంట్ (సబ్జెక్టు టీచరు) చేత చెప్పించవచ్చు. పైగా మన జిల్లాకు ఉన్న వనరులు ఎన్ని జిల్లాలకు ఉన్నాయి? ఏర్పేడులో ఐఐటీ, సైన్సు విద్య, పరిశోధనల జాతీయ సంస్థ ఐసర్ ఉన్నాయి, నగరంలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉన్నాయి, గాదంకిలో వాతావరణ పరిశోధన చేసే జాతీయ ప్రయోగశాల ఉంది. అక్కడి పరిశోధక విద్యార్థులు నెలకోసారి ఒక కాంప్లెక్స్‌కు వచ్చి పిల్లలతో కూర్చునే ఏర్పాటును కలెక్టరు గారు ఒక్క సమావేశంలో కుదర్చగలరు.

జిల్లా విద్యాశాఖాధికారి గారికి నా విన్నపం. జూన్ 12న బడులు తెరిచేలోపు ప్రతి కాలనీ మ్యాపింగును మండల విద్యాధికారి (ఎంఈఓ), ఆ ఊరి పేరెంట్స్ కమిటీ కలిసి దారి వెంట నడిచి చూడాలి. హైవే గానీ ఏరు గానీ దాటవలసిన చోట, కార్పొరేషన్ బడైనా సరే, దగ్గరి బడినే కేటాయించాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న ప్రతి బడికీ గణిత స్కూల్ అసిస్టెంట్‌ను, పోస్టు లేకపోతే కనీసం వారానికి మూడు రోజులు పక్క ఉన్నత పాఠశాల నుంచైనా, పంపాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
తిరుపతి రూరల్ మండలం