ఎముకల నొప్పికి ఫ్లోరైడ్ ఒక్కటే కారణం కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మా అన్న కళ్యాణదుర్గం దగ్గర వర్షాన్ని నమ్ముకుని వేరుశెనగ పండించే రైతు. వయసు 58 ఏళ్లు. గత ఏడాది కలుపు తీసే రోజుల్లో మొదలైన నడుం నొప్పి ఎనిమిది నెలలైనా తగ్గలేదు. అనంతపురం జిల్లాలో ఎముకల నొప్పి అనగానే బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ అనుకోవడం అందరికీ అలవాటు. చూపించుకున్న రెండు చోట్లా అదే చెప్పి, నొప్పి మాత్రలు రాసి పంపించారు. చివరికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7కి పడిపోయింది, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ 4 దాటింది. అది మల్టిపుల్ మైలోమా అని, అంటే ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్ అని బెంగళూరులో తేలింది. మైలోమా ఉన్నవారి మూత్రపిండాలను నొప్పి మాత్రలు మరింత దెబ్బతీస్తాయని కూడా మాకు అప్పుడే తెలిసింది.

నేను జూనియర్ కళాశాలలో జీవశాస్త్రం చెబుతాను. కణంలో ప్రోటీన్లు ఎలా తయారవుతాయో పిల్లలకు రోజుల తరబడి చెబుతాం కానీ, పాడైన ప్రోటీన్లను కణం ఎలా వదిలించుకుంటుందో రెండు మాటల్లో ముగించేస్తాం. మా అన్నకు ఇస్తున్న మందు ఆధారపడింది ఆ రెండు మాటల మీదే. పెద్దవారి శరీరం రోజుకు సుమారు 250 నుంచి 300 గ్రాముల ప్రోటీన్‌ను విరగ్గొట్టి, దాదాపు అంతే మళ్లీ కడుతుంది. తిండి ద్వారా అందేది అందులో కొంత వాటా మాత్రమే. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేయాల్సిన చెట్లకు ముందుగా రంగు పూసి గుర్తు పెట్టినట్టు, విరగ్గొట్టాల్సిన ప్రోటీన్‌కు కణం యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను గొలుసుగా తగిలిస్తుంది. ఆ గుర్తు పడినదాన్ని ప్రోటియసోమ్ అనే పీపా ఆకారపు నిర్మాణం లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది. ఈ గుర్తు సంగతి కనిపెట్టినందుకే సీకనోవర్, హెర్ష్కో, రోజ్‌లకు 2004లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ప్లాస్మా కణం పని యాంటీబాడీలు తయారు చేయడం. అది క్యాన్సర్‌గా మారినప్పుడు ఒకే రకం యాంటీబాడీని ఆపకుండా తయారు చేస్తూ పోతుంది, వాటిలో మడత సరిగా పడనివీ చాలా ఉంటాయి. ఆ చెత్తను ఎప్పటికప్పుడు తొలగించుకోకపోతే ఆ కణం బతకలేదు కాబట్టి, మామూలు కణాల కన్నా దానికి ప్రోటియసోమ్ అవసరం ఎక్కువ. 2003లో అమెరికాలో అనుమతి పొందిన, మా అన్నకు ఇస్తున్న బోర్టెజోమిబ్ అనే మందు సరిగ్గా ఆ ప్రోటియసోమ్‌నే అడ్డుకుంటుంది. లోపల చెత్త పేరుకుపోయి క్యాన్సర్ కణం చచ్చిపోతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి కూడా ఇవ్వదగిన మందు ఇది. ఇప్పుడు హైదరాబాదు కంపెనీలే దీన్ని తయారు చేస్తున్నాయి.

ఇంత పెద్ద ఆవిష్కరణ చివరికి మా అన్న దగ్గరికి వచ్చేది చిన్న గాజు సీసాలో, అడుగున అంటుకున్న తెల్లటి పొడిగా. నర్సు అందులో సెలైన్ కలిపి పొట్ట మీద చర్మం కింద సూదితో ఎక్కిస్తుంది. నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషం కోసం ఆయన వారం వారం రాత్రి బస్సులో బెంగళూరు వెళ్లి, మరునాటి రాత్రికి తిరిగి వస్తున్నాడు. మందు ప్రభావంతో అరికాళ్లు మొద్దుబారి, నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియడం లేదు. మొదట్లో మూడు వారాలు మంచం మీదే ఉన్నందుకు తొడల కండ కరిగి, లుంగీ కడితే కాళ్లు కర్రల్లా కనిపించేవి. కదలకుండా పడుకున్నవారి కండరాల్లోని ప్రోటీన్లను విరగ్గొట్టేదీ ప్రధానంగా ఈ యుబిక్విటిన్, ప్రోటియసోమ్‌లే అని తెలిసి, వైద్యులు సరేనన్న రోజు నుంచే ఆయన్ను లేపి నడిపిస్తున్నాం.

విరగ్గొట్టే పని మందగించినా ముప్పే. పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బులో మెదడు కణాల్లో మడత తప్పిన ప్రోటీన్లు ముద్దలు కడతాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ అయితే ఇదే పద్ధతిని వాడుకుని, క్యాన్సర్‌ను ఆపే పీ53 ప్రోటీన్‌కు గుర్తు తగిలించి దాన్ని నాశనం చేయిస్తుంది. హెచ్‌పీవీ టీకా ఎందుకని అడిగే తల్లులకు ఈ ఒక్క సంగతీ తెలుగులో విడమరిచి చెప్పాలని నా కోరిక.

మైలోమా విషయంలో ఆలస్యం తగ్గించడం మన జిల్లాలో సాధ్యమే. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు బాగా ముదిరితే ఎముక ఎక్స్‌రేలో చిక్కగా, తెల్లగా కనిపిస్తుంది. మైలోమాలో తొలిచినట్టు నల్లటి గుంతలు కనిపిస్తాయి. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు కనుక, 50 దాటినవారికి నడుం నొప్పి లేదా పక్కటెముకల నొప్పి నెల దాటినా తగ్గకుండా, దానితో పాటు రక్తహీనత కూడా ఉంటే, ఈఎస్‌ఆర్, క్రియాటినిన్, కాల్షియంతో పాటు సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ (రక్తంలో ఒకే రకం యాంటీబాడీ పేరుకుందేమో చూసే పరీక్ష) కూడా చేయించాలి. మూత్రంలో ప్రోటీన్ చూసే మామూలు పట్టీ పరీక్ష సరిపోదు. అది ప్రధానంగా ఆల్బుమిన్‌ను పసిగడుతుంది, మైలోమా ప్రోటీన్ ముక్కలు దానికి దొరక్క తప్పించుకోవచ్చు. ఈ రెండు ముక్కలూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు ఒక సర్క్యులర్‌గా పంపమని జిల్లా వైద్యాధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

అలాగే, రోగ నిర్ధారణ, చికిత్స నిర్ణయం పెద్ద ఆసుపత్రిలో జరిగినా, వారం వారం వేసే ఇంజెక్షన్‌ను మాత్రం శిక్షణ పొందిన నర్సు, వైద్యుల పర్యవేక్షణలో, ప్లేట్‌లెట్ల లెక్క చూసుకుని, అనంతపురంలోనే వేసే ఏర్పాటు చేయాలి. మా అన్నకు వచ్చే మంగళవారం మళ్లీ ఇంజెక్షన్ ఉంది. సోమవారం రాత్రి బస్సుకు టికెట్ తీసుకున్నాం.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర అధ్యాపకుడు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా