ఎక్కాలా వద్దా తేల్చుకునే వివరాలు టికెట్ దగ్గరే పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

కొత్త నగరానికి వెళ్లినప్పుడు బోటు షికారు ఎక్కాలా వద్దా అని ఇంట్లో తర్జనభర్జన పడుతుంటారు. ఎక్కమనే నేనంటాను. రోడ్డు మీద ట్రాఫిక్‌లో తిరిగితే కనిపించని నగరం నీళ్ల మీద నుంచి, వంతెనల కింద నుంచి తీరిగ్గా కనిపిస్తుంది, నడవలేని పెద్దవాళ్లకైతే ఇంతకన్నా హాయి లేదు. కానీ ఎక్కాలా వద్దా తేల్చుకోవడానికి కావాల్సిన సంగతులు మనకెవరూ చెప్పరు. టికెట్ కౌంటర్ దగ్గర రంగురంగుల ఫొటోలుంటాయి, బోటులో ఎంతమందిని ఎక్కించవచ్చో ఉండదు.

2019 మే 29 రాత్రి బుడాపెస్ట్‌లో జోరువానలో డాన్యూబ్ నది మీద షికారు బోటును పెద్ద క్రూయిజ్ నౌక గుద్దితే, బోటులో ఉన్న 35 మందిలో ఏడుగురే బతికి బయటపడ్డారు. 2024 జనవరి 18న వడోదర హర్ని చెరువులో స్కూలు పిల్లల బోటు బోల్తాపడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. పరిమితికి మించి ఎక్కించారని, చాలామందికి లైఫ్ జాకెట్లు లేవని తర్వాత బయటికొచ్చింది. ఆ సంగతి ఎక్కే ముందే తెలియాలి కదా!

జాకెట్లు ఉన్నాయంటే సరిపోదు. బకిల్ విరిగితే తాడుతో ముడేసినవీ, పెద్దవాళ్లవే పిల్లలకి తొడిగినవీ చూస్తుంటాం. వదులు జాకెట్‌తో పిల్లాడు నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారిపోతాడు. ఇక పై డెక్ మీద జనం ఎక్కువై, ఏదో కనిపించిందని అందరూ ఫోన్లు పట్టుకుని ఒకే పక్కకి ఎగబడితే బోటు ఒరుగుతుంది, ఆ మాట బయల్దేరే ముందు చెప్పేవాళ్లు ఎంతమంది?

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది రీఫండ్ సంగతి. మబ్బు పట్టింది, గాలి లేచింది, మనసు వద్దంటోంది, అయినా టికెట్ డబ్బులు వెనక్కి రావని కుటుంబమంతా ఎక్కేస్తుంది. వాతావరణం బాగోలేక మానుకున్నవాళ్లకి పూర్తి డబ్బు తిరిగిచ్చేయాలి. ఎంతమందికి అనుమతి ఉంది, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఎప్పటిదాకా చెల్లుతుంది, పిల్లల సైజు జాకెట్లు ఎన్ని ఉన్నాయి, ఇవన్నీ టికెట్ ధర పక్కనే పెద్ద అక్షరాల్లో రాయాలి. రాయని బోటుకి అధికారులు లైసెన్సు రెన్యూవల్ చేయకూడదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు