గ్రోవ్ రోడ్డు వంతెన కింద నువ్వడిగిన మాట

బంగారుతల్లీ,

క్షేమంగా ఇల్లు చేరాను. నువ్విచ్చిన శాలువా అమ్మకు బాగా నచ్చింది, ఇంత ఎండలోనూ కప్పుకునే తిరుగుతోంది.

ఆ రోజు లండన్‌లో గ్రోవ్ రోడ్డు రైలు వంతెన మీది నీలిపలక చూస్తూ, "ఫిరంగులున్నాయిగా నాన్నా, ఆ బాంబును దారిలోనే పేల్చేయలేకపోయారా?" అనడిగావు. నేను చెబుతుండగానే పైన రైలొచ్చింది, నీకు వినపడలేదు.

లండన్‌లో మొదటి ఎగిరే బాంబు అక్కడే పడింది, 1944 జూన్ 13న. ఆరుగురు పోయారు. జర్మనీ వదిలిన, పైలట్ లేని వి-1 అది. గంటకు 640 కిలోమీటర్ల వేగం, లోపల 850 కిలోల పేలుడు మందు. మోటార్‌సైకిల్‌లా బర్రుమంటూ వచ్చేది. ఆ మోత తలదాటి పోతే బతికిపోయినట్టే. ఠక్కున ఆగిందా, కింద ఉన్నవాళ్లకు ఊపిరాడేది కాదు. కొన్ని సెకన్లకే పేలేది.

ఫిరంగులు ఉన్నాయమ్మా. కానీ లండన్‌కు దక్షిణాన గుట్టల మీద పెట్టారు. అక్కడ కొట్టినా బాంబు పడేది ఏదో ఒక ఊరి మీదే కదా! పైగా బ్రిటిష్ విమానాలు కూడా వాటిని తరుముతూ అదే ఆకాశంలో ఉండేవి, గన్నర్లు ధైర్యంగా పేల్చడానికి లేదు.

జూలై మధ్యలో రోడరిక్ హిల్, ఫిరంగి దళాల అధిపతి ఫ్రెడరిక్ పైల్ కలిసి, కూల్చిన బాంబులు నీళ్లలోనే పడేలా ఫిరంగులన్నిటినీ సముద్రపు ఒడ్డుకు తరలించారు. ఆ తీరపు పట్టీలోకి బ్రిటిష్ విమానాలు రాకూడదు. హిల్ స్వయంగా ఫైటర్ విమానాల దళానికి అధిపతి. తన పైలట్లనే పక్కకు జరగమనడం ఎంత కష్టమో ఆలోచించు. ఆయన మీద నాకు గౌరవం అందుకే. తరలింపు కొద్ది రోజుల్లోనే అయిపోయింది.

అమెరికా నుంచి కొత్త రాడార్ వచ్చింది. గుండు పేలేసరికి బాంబు ఎక్కడుంటుందో లెక్కగట్టే ప్రెడిక్టర్ వచ్చింది. గుండు మొనలో బుల్లి రేడియో పెట్టిన ఫ్యూజ్ కూడా వచ్చింది. అది బాంబు దగ్గరకు రాగానే దానంతటదే పేలుతుంది. నీ ఎలక్ట్రానిక్స్ పాఠాలకు ఇది తాత వరస!

చాలా ఫిరంగి దళాల్లో రాడార్, ప్రెడిక్టర్ల దగ్గర కూర్చున్నది నీ ఈడు ఆడపిల్లలే. చర్చిల్ కూతురు మేరీ కూడా అలాంటి దళంలోనే పనిచేసింది. లెక్కంతా ఆ పిల్లలదే, ఫిరంగి పేల్చడానికి మాత్రం వాళ్లకు అనుమతి లేదు. అది చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది.

ఆగస్టు 28న ఇంగ్లండ్ మీదికి దాదాపు వంద బాంబులొస్తే లండన్ చేరినవి నాలుగే.

మళ్లీ అటు వెళ్తే ఆ పలక ఫొటో తీసి పంపు. నాది మసగ్గా వచ్చింది.

నాన్న