తోట పనుల వేళ తాగునీటి గురించి

సభ్యులందరికీ నమస్కారం. జీడిపిక్కల ఏరివేత మొదలైనందున ఉదయం తోటలోకి వెళ్లినవారు మధ్యాహ్నం వరకు టీ మీదే గడుపుతున్నట్లు గమనించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. దాహం వేసే సరికే శరీరంలో కొంత నీరు తగ్గిపోయి ఉంటుంది కనుక, ఎండలో పని చేసేటప్పుడు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున తాగడం, ఒకేసారి చెంబెడు తాగడం కంటే మేలు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపడా తాగుతున్నట్లే. ముదురు రంగులోకి మారితే నీడకు చేరి నీళ్లు తాగాలి.

మన ఉద్దానంలో (శ్రీకాకుళం జిల్లా) ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదేనని ఇప్పటికీ తేలలేదు, కాబట్టి నీళ్లు తాగితే ఆ జబ్బు రాదని నేను చెప్పడం లేదు. అయితే ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఒళ్లు నొప్పులకని దుకాణంలో కొన్న నొప్పి మాత్రలు వేసుకుంటే మూత్రపిండాలపై భారం పెరుగుతుందన్నది మాత్రం నిజం. ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవారు, డయాలసిస్ చేయించుకుంటున్నవారు పై లెక్కను పాటించకుండా, డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే నీళ్లు తాగాలి.

చోడి (రాగి) అంబలి, పలుచని మజ్జిగ కూడా నీటి లెక్కలోకే వస్తాయి. వాంతులు, విరేచనాలు అయితే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు టీస్పూనుతో తలగొట్టి కొలిచి కలిపి, కొద్దికొద్దిగా తాగించండి.