ఆ ఫోటోలో కాళ్ల కింద ఏముంది?

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో అండమాన్ దీవుల మీద రెండు పేజీల వ్యాసం వేశారు. హావ్‌లాక్, నీల్ అంటూ అందరూ పోయే చోట్లకే పోకుండా పైకి, దిగ్లిపూర్ వైపు వెళ్లి చూడండి, పదిమంది కలిస్తే ఖర్చూ కలిసొస్తుంది, సాహసం సరదా కూడా తీరుతుంది అని రాశారు. వ్యాసం బాగుంది. నా పేచీ అంతా పైన వేసిన ఫోటోతో. ఒడ్డుకు బాగా దూరంగా, పచ్చటి నీళ్ల మధ్య, నలుగురు కుర్రాళ్లు నడుములోతులో నిలబడి చేతులు చాచి నవ్వుతున్నారు. వాళ్ల చుట్టూ నీళ్లలో గోధుమరంగు మచ్చలు. ఆ మచ్చలేమిటో, వాళ్ల కాళ్ల కింద ఏముందో వ్యాసంలో ఎక్కడా లేదు. నాకు మాత్రం చూడగానే తెలిసిపోయింది. అచ్చంగా అలాంటి ఫోటో నాదీ ఒకటి ఉంది మరి.

నాకు అరవై ఒకటి. పోస్టాఫీసు కౌంటర్లో ముప్పై మూడేళ్లు కూర్చుని రిటైరయ్యాను. ఈత రాదు. చెరువులో కాలు కడుక్కోవాలన్నా గట్టు పట్టుకునే రకం. అలాంటిదాన్ని కిందటి మాఘ మాసంలో ఒక గ్రూపుతో ఉత్తర అండమాన్‌కు బయల్దేరాను. వాళ్ల ప్రకటనలో 'ఈత రాకపోయినా పర్వాలేదు' అని ఉంది. అది చూసే చేరాను. మొత్తం పద్నాలుగు మందిమి. సాఫ్ట్‌వేర్ పిల్లలు ఏడుగురు, కొత్తగా పెళ్లయిన జంట, ఇద్దరు లెక్చరర్లు, రిటైరైన రైల్వే గార్డు గారు, ఆయన భార్య, నేను. ట్రిప్పు నడిపినవాళ్ల పేరు రాయను. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. వేళకు భోజనం పెట్టారు, నాకు కింది బెర్తులూ ముందు సీట్లూ ఇచ్చారు. తెలియనిది తెలియదని ఒప్పుకోలేదు, అంతే.

పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి దిగ్లిపూర్‌కు రోడ్డు మీద ఒక రోజంతా పడుతుంది. తెల్లవారకముందే జిర్కాటాంగ్ గేటు దగ్గర బస్సులన్నీ వరుసలో నిలబడతాయి. అక్కణ్నుంచి జారవా అనే ఆదివాసుల అడవిలో కాన్వాయ్‌గా పోవాలి. ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు. మా పిల్లల్లో ఒకడు ఫోన్ పైకెత్తబోతే గార్డు గారి భార్య ఒక్క కసురు కసిరింది. మళ్లీ ఎత్తలేదు. ఆ కసురు సముద్రంలో కూడా ఎవరో ఒకరు కసిరి ఉంటే బాగుండేది.

దిగ్లిపూర్ చేరిన మర్నాడు పొద్దున ఒక తీరానికి తీసుకెళ్లారు. ఇసక దాటగానే బూడిదరంగులో, గరుగ్గా, చిల్లులు చిల్లులుగా ఒక బల్లపరుపు మేట. "రాళ్లు, జాగ్రత్తగా నడవండి" అన్నాడు గైడు. అందరం దాని మీదే తిరిగాం, ఫోటోలు దిగాం. తర్వాత తెలిసింది, అది రాయి కాదు, చచ్చిన పగడపు దిబ్బ. 2004 డిసెంబర్ 26 నాటి భూకంపంలో ఉత్తర అండమాన్ తీరాలు కొన్నిచోట్ల మీటరు దాకా పైకి లేచాయి. అదే కుదుపుకు దక్షిణాన నికోబార్‌లో ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయింది. అలా పైకి లేచినచోట, అప్పటిదాకా నీళ్లలో ఉన్న పగడాలు ఎండకు మాడి చచ్చాయి. ఈ సంగతి ఆ పూట రెండు ముక్కల్లో చెప్పి ఉంటే సాయంత్రం కథ వేరేగా ఉండేది. మాకేమో పొద్దున్నే 'ఇది రాయి, దీని మీద నడవొచ్చు' అన్న పాఠం ఒంటబట్టింది.

అసలు చోటుకు బోటు పొద్దున తొమ్మిదికి బయల్దేరాలి. కాగితాలు, మనుషులు, టిఫిన్లు అన్నీ సర్దుకునేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మాలో ఎవరికీ అది పెద్ద విషయంగా తోచలేదు, ఆలస్యం మనకు అలవాటే కదా. కానీ ఆ రోజు పౌర్ణమి వెళ్లిన మర్నాడు. పౌర్ణమికీ అమావాస్యకూ అక్కడ పోటుకీ (నీళ్లు పైకెక్కడం) పాటుకీ (వెనక్కి తగ్గడం) మధ్య తేడా రెండు మీటర్ల దాకా ఉంటుంది. పొద్దున తొమ్మిది, పదింటికి తల మునిగే నీళ్లున్న చోట మూడింటికి నడుములోతే ఉంది. ఆ చోటు పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే వచ్చే ఆదివారం దానికీ ఒక ఫోటో వేస్తారని భయం.

మాస్క్ ఎలా పెట్టుకోవాలో, గొట్టంతో నోటితో ఎలా ఊపిరి పీల్చాలో బోటులోనే రెండు నిమిషాల్లో చెప్పేశారు. లైఫ్ జాకెట్లకు కాళ్ల మధ్య నుంచి కట్టే పట్టీలు లేవు. నీళ్లలో దిగగానే నా జాకెట్ జారి చెవుల దాకా వచ్చింది. కొత్త పెళ్లికూతురు చున్నీతోనే దిగింది. గార్డు గారికి మీసాల సందునుంచి మాస్క్‌లోకి నీళ్లు. అయినా సరే, మొదటి ఐదు నిమిషాలు నేను ఏ గుళ్లోనూ పొందని శాంతి పొందాను, అబద్ధం చెప్పను. ముఖం నీళ్లలో పెట్టగానే బయటి గోల ఆగిపోయింది. కింద జింక కొమ్ముల్లాంటి కొమ్మలు, ఒక్కో కొమ్మ చివర లేత నీలం. వాటి మధ్య చిటికెనవేలంత చేపలు, నేను చెయ్యి కదిపితే అన్నీ ఒక్కసారి కొమ్మల్లోకి, ఆపితే అన్నీ ఒక్కసారి బయటికి. పక్కన నా నడుమెత్తు బండ ఒకటి, దాని మీద ముడతలు ముడతలుగా గీతలు. ఆకుపచ్చ పారట్ చేప ఒకటి ఆ బండను కొరుకుతుంటే కటకటమని శబ్దం నాకు వినిపించింది. నీళ్లలో శబ్దం అంత బాగా వినపడుతుందని నాకు తెలియదు. ఈ చేపలు కొరికి, అరిగించుకుని విసర్జించిందే అక్కడి తెల్ల ఇసకలో చాలా భాగమట.

ఇంతలో ఎవరి కాలో నా భుజానికి తగిలింది. గొట్టంలోకి నీళ్లొచ్చాయి. ఉప్పునీళ్లు గొంతులోకి పోయేసరికి గుండె ఝల్లుమంది. ఈత రానివాళ్లకు అప్పుడు బుర్ర పనిచేయదు, కాళ్లే పనిచేస్తాయి. నా కాళ్లు నేల వెతుక్కున్నాయి, దొరికింది, నిలబడ్డాను. కింద పటుక్కున ఒక చప్పుడు, ఎండుపుల్ల విరిగినట్టు. ఆ తర్వాత ఇంకోటి. తల పైకెత్తి చూస్తే నాలాగే ఇంకో ఆరుగురు నిలబడి ఉన్నారు. ఒకరు నిలబడితే మిగతావాళ్లకు 'ఓహో, ఇక్కడ నిలబడొచ్చు' అని ధైర్యం. పిల్లల్లో ఒకడు బోటు మీంచి "ఆంటీ, ఇటు!" అని ఫోన్ ఎత్తాడు. టెన్షన్ తగ్గిన ఆనందంలో రెండు చేతులూ చాచి నవ్వాను.

బోటు నడిపే కుర్రాడు మనవాడే. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వలసపోయిన కుటుంబం. అతను మాత్రం నవ్వలేదు. చెయ్యి అందించి పైకి లాగుతూ, "అది రాయి కాదు పెద్దమ్మా, పేణం ఉన్నది" అన్నాడు. నా పిక్క మీద నెత్తురు కారుతోంది. ఆ గాయం మానడానికి మూడు వారాలు పట్టింది. పగడం గీరుకుంటే అంత త్వరగా మానదని తర్వాత డాక్టరు గారు చెప్పారు. నా సంగతి సరే, మూడు వారాల్లో మానింది. నేను చూసిన ఆ నడుమెత్తు బండ కూడా పగడమే, అలాంటివి ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. అంటే అది మా నాన్న పుట్టేనాటికే అక్కడ ఉండి ఉంటుంది. కొమ్మల రకం తొందరగానే పెరుగుతుంది కానీ, పెరిగేలోపు వారానికో గ్రూపు వచ్చి నిలబడితే పెరిగేదెప్పుడు?

ఇది చెబితే మా అల్లుడు ఒక మాట అన్నాడు. "సముద్రమే వేడెక్కి పగడాలన్నీ తెల్లబడి చస్తున్నాయి, మీ కాళ్లు ఒక లెక్కా అత్తయ్యా?" అతను అన్నదాంట్లో నిజముంది. పగడపు పురుగు ఒంట్లో నాచు లాంటి జీవి ఉంటుంది, దాని రంగూ తిండీ చాలావరకు ఆ నాచు చలవే. వేసవిలో మామూలుగా ఉండే వేడికంటే ఒక డిగ్రీ ఎక్కువై వారాల తరబడి అలాగే ఉంటే, ఆ నాచును వదిలేసి తెల్లబడిపోతుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో అలాగే జరిగింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా నాలుగోసారి ఇదే మొదలైందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఒప్పుకుంటాను, నా కాళ్లు దాని ముందు ఎంత? కానీ టైఫాయిడ్ నుంచి లేచి కూర్చున్న మనిషి ఒళ్లో మనం వెళ్లి కూర్చుంటామా? సముద్రం వేడిని తగ్గించడం నా చేతుల్లో లేదు. నా కాళ్లు నా చేతుల్లోనే ఉన్నాయి కదా.

ఇక్కడ మీ వ్యాసం మీద నా అసలు అభ్యంతరం. అందరూ వెళ్లే చోట్లను మీరు కాస్త చిన్నచూపు చూశారు. నేను వండూరు దగ్గర జాలీ బాయ్ దీవికి కూడా వెళ్లాను. 1983లో పెట్టిన మెరైన్ నేషనల్ పార్కులో భాగం అది. జెట్టీ దగ్గరే సంచులు వెతికి ప్లాస్టిక్ కవర్లు తీయించారు. జాలీ బాయ్ కొన్ని నెలలు తెరిస్తే రెడ్ స్కిన్ అనే ఇంకో దీవిని మూస్తారు, అది తెరిస్తే ఇది మూస్తారు, దిబ్బకు కాస్త విశ్రాంతి. ఈత రానివాళ్లకు అడుగున అద్దం బిగించిన బోటు ఉంది, పొడి బట్టలతో కూర్చుని అంతా చూడొచ్చు. అక్కడ జనం ఎక్కువే, క్యూ ఎక్కువే, విసుగూ ఎక్కువే. కానీ పద్ధతి ఉంది. ఎవరూ పోని చోట అడిగేవాడూ ఉండడు. అక్కడికి పద్నాలుగు మందిని పంపేటప్పుడు పద్ధతిని కూడా వెంట పంపాలి. మీరు దారి ఒక్కటే పంపారు.

నేను వెళ్లొద్దనడం లేదు. రాస్, స్మిత్ దీవుల మధ్య పాటు వేళ తేలే ఇసక దారి మీద మర్నాడు నడిచాను, మళ్లీ నడవాలని ఉంది. ట్రిప్పులు నడిపేవాళ్లను అడిగేది ఒక అరగంట. దిబ్బ మీదకు తీసుకెళ్లే ముందు ఒడ్డున, ఉత్త ఇసక ఉన్నచోట, ఛాతీలోతులో అరగంట తేలడం నేర్పండి. గొట్టంలోకి నీళ్లొస్తే ఊది బయటికి పంపడం, భయమేస్తే నిలబడకుండా వెల్లకిలా తిరిగి ఆకాశం చూడటం. ఈ రెండూ నాకు తర్వాత ఆ బోటు కుర్రాడే పది నిమిషాల్లో నేర్పాడు, అదీ అరవై దాటిన దాన్ని. అరగంటకీ భయం పోనివాళ్లను అద్దం బోటు ఎక్కించండి, అందులో నామోషీ ఏమీ లేదు. లైఫ్ జాకెట్‌కు కింది పట్టీ ఉండాలి. ఒక గైడుకు నలుగురు చాలు. మొదటిసారి దిగేవాళ్ల కాళ్లకు ఆ తెడ్ల లాంటి ఫిన్స్ అసలు తగిలించొద్దు. వెనక ఏది తగిలి విరుగుతుందో వాళ్లకే తెలియదు. ఎండకు క్రీములు పూసుకోవడం కంటే ఒంటి నిండా పట్టి ఉండే ఫుల్ చేతుల స్విమ్ డ్రెస్ మేలు. చున్నీలు బోటులోనే వదిలేయాలి.

మీకూ ఒకటి. విమానం టికెట్టు, హోటలు గది రేటు ఎలాగూ వేస్తారు. పక్కనే ఒక్క వాక్యం, 'బయల్దేరే ముందు ఆ రోజు పోటు, పాటు వేళలు చూసుకోండి' అని వేయండి. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పట్టికలు అచ్చు వేస్తుంది. హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం సముద్రం స్థితి రోజూ చెబుతూనే ఉంటుంది. రాహుకాలం వేసే పేపరుకు ఇదేమంత బరువు?

అన్నట్టు, ఒడ్డున దొరికిన చచ్చిన పగడం ముక్క కూడా తెచ్చుకోకూడదని రాయండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి ఉన్న మొదటి షెడ్యూల్లోనే మన దిబ్బలు కట్టే పగడాలూ ఉన్నాయి. మా లెక్చరరు గారి సూట్‌కేసు ఎయిర్‌పోర్టులో తెరిపించి అలాంటి ముక్క ఒకటి తీసేసుకున్నారు. ఆయన మొహం చూడాల్సింది.

నా ఫోటోను ఆ పిల్లవాడు నెట్‌లో పెట్టాడు. 'ఈ వయసులో ఈ ధైర్యం' అని వందల మంది మెచ్చుకున్నారు. తీసేయమని రెండుసార్లు అడిగాను, "బాగా వెళ్తోంది ఆంటీ" అంటున్నాడు. కాపీ ఒకటి ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. వేస్తే వేయండి. కింద మాత్రం, నేను నిలబడింది నేల మీద కాదని కూడా వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తపాలా ఉద్యోగిని