కలెక్టరు గారూ, కంటి శిబిరంలో కంటి ఒత్తిడి కూడా కొలిపించండి

అనంతపురం జిల్లా కలెక్టరు గారికి నమస్కారం.

మా అమ్మ వేరుశనగ కాయలు ఒలుస్తూ, పక్కనే ఉన్న చేట కోసం తడుముకునేది. ఎదుట ఉన్నవి మాత్రం చక్కగా కనిపించేవి. ఊరి శిబిరంలో అక్షరాల పట్టీ చదివించి, శుక్లం లేదని పంపేశారు. ఏడాది తర్వాత తెలిసింది, అది నీటికాసులు (గ్లకోమా) అని. చాలామందిలో కంటి ఒత్తిడి పెరిగి, నొప్పే లేకుండా నరం దెబ్బతిని, చూపు అంచుల నుంచి పోతుంది. శుక్లమైతే మసకబారిన కటకం తీసి కొత్తది అమర్చుతారు. నీటికాసుల్లో పోయిన చూపు తిరిగి రాదు. చుక్కల మందుతోనో లేజర్‌తోనో ఆపరేషన్‌తోనో మిగిలినది కాపాడుకోవాలి, అంతే.

2019 అక్టోబరు 10న మన రాష్ట్రంలో ఉచిత కంటి పరీక్షల పథకం, వైఎస్సార్ కంటి వెలుగు, మొదలైంది మన అనంతపురంలోనే. అందుకే ధైర్యంగా అడుగుతున్నాను. 40 ఏళ్లు దాటినవారికి ఒత్తిడి కొలిచి, కంటి నరాన్ని చూడమనండి. షుగరు ఉన్నవారికి ఏటా కంటిపాప విప్పారే చుక్కలు వేసి, కంటి లోపల వెనుక ఉండే పొర రెటీనాను పరీక్షించాలి. అక్కడి రక్తనాళాలు పాడవుతున్నా మొదట్లో చూపు తగ్గదు మరి.

నీటికాసులు కుటుంబంలో వచ్చే జబ్బు. పిన్నికీ నాకూ పరీక్ష చేయించాను, బస్సెక్కి పట్నం వెళ్లి. కూలి మానుకుని అలా వెళ్లలేనివారే మా ఊళ్లో ఎక్కువ. వచ్చే శిబిరానికి కంటి ఒత్తిడి కొలిచే పరికరం పంపించండి.