తహీనీ గిన్నె, ఖాళీ ఫారాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

గురువారం ఏడో తరగతి వంట పీరియడ్‌లో ఏదో జరిగిందని శుక్రవారం పొద్దుటికల్లా మీ వాట్సాప్ గ్రూపుల్లో నాలుగు రకాల కథలు తిరిగాయి. ఒక కథలో అంబులెన్స్ కూడా వచ్చిందట. రాలేదు. పిల్లలు తహీనీ (వేయించిన నువ్వులు రుబ్బిన ముద్ద) సాస్ చేశారు. రుచి చూసిన ఒక పాపకు పెదవుల చుట్టూ దద్దుర్లు లేచాయి. నోరు కడిగించి, వాళ్ల అమ్మగారిని పిలిపించి, డాక్టరుకు చూపించాం. సాయంత్రానికి తగ్గింది, మర్నాడు బడికీ వచ్చింది.

పాపకు నువ్వులు పడవని ఇంట్లో తెలుసు. మా దగ్గరున్న ఆరోగ్య ఫారంలో మాత్రం ఆ గడి ఖాళీ. ఆ ఒక్క ఇంటినీ అనడం లేదు. బీరువా తీసి చూస్తే నలభై దాకా ఫారాలు అలాగే ఉన్నాయి, కింద సంతకాలు మాత్రం ముచ్చటగా ఉన్నాయి. "నువ్వులకు కూడా అలర్జీ ఏంటండీ?" అని కొందరు అడిగారు. ఉంటుంది. కొందరికి దద్దుర్లతో ఆగదు, ఊపిరి అందదు. అమెరికాలో 2021లో చట్టం చేసి నువ్వులను తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థంగా చేర్చారు. 2023 జనవరి 1 నుంచి అక్కడ ప్యాకెట్ మీద ఆ మాట రాసి తీరాలి. మా తప్పూ ఉంది, చెంచా చేతికిచ్చే ముందు అడగాల్సింది. ఇకమీద ఏం వండినా దినుసులు వారం ముందే డైరీలో రాసి పంపుతాం. డైరీ తెరవడం మీ వంతు.

వంట పీరియడ్ మాత్రం ఆపను. సాస్ అంటే పాకెట్ చింపి పిండుకునేది అనుకునేవాళ్లు చేతులు లేపమంటే ఆ తరగతిలో దాదాపు అన్నీ లేచాయి. అదే పిల్లలు పొట్టు తీసిన నువ్వులను సన్నని సెగ మీద వేయించి, రంగు తిరగకముందే దించి (మాడితే చేదు), చల్లార్చి, మిక్సీ ఆపి ఆపి రుబ్బారు. మొదట పొడి, తర్వాత ముద్ద, చివరికి జారే తహీనీ. నువ్వుల బరువులో సగం నూనే కదా! అసలు తమాషా ఆ తర్వాత. నిమ్మరసం, రెండు చెంచాల నీళ్లు పోయగానే పల్చబడాల్సింది కాస్తా బంకమట్టిలా బిగుసుకుంది. "మేడమ్, పాడైపోయింది!" అని అందరూ గోల. ఒక అమ్మాయి మాత్రం గిన్నె వదలకుండా చల్లటి నీళ్లు చెంచా చెంచాగా పోస్తూ గిలక్కొడుతూనే ఉంది. కొద్ది నీటికి నువ్వుల రేణువులు తడిసి ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఇంకా పోస్తే విడిపోయి నూనె సన్నని బొట్లుగా నీటిలో కలుస్తుంది. తెల్లగా, మీగడలా మారింది. కారణం తనే బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది. నేను ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను, అంత బాగా చెప్పలేదు. వెల్లుల్లిని నిమ్మరసంలోనే నలిపితే ఘాటు తగ్గుతుందని రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి నిరూపించిన అబ్బాయినీ మర్చిపోలేను. వాడు లెక్కల్లో వెనకబడ్డాడని ఇంట్లో అంటారట. కొలతలన్నీ వాడే వేశాడు.

ఆ కొలతలు అడిగినవారికి: అరకప్పు తహీనీ, ఒక నిమ్మకాయ రసం, ఒక వెల్లుల్లి రెబ్బ, ఉప్పు, చల్లటి నీళ్లు నాలుగు నుంచి ఆరు పెద్ద చెంచాలు. సలాడ్ మీద పోసుకోవచ్చు, కాల్చిన కూరగాయలకు అద్దుకోవచ్చు. మిగిలింది ఫ్రిజ్‌లో నాలుగైదు రోజుల్లో తినేయాలి.

యూనిట్ పరీక్షలు వచ్చే బుధవారం నుంచి, ఫీజు చివరి తేదీ మారలేదు, క్రీడల రోజుకు తెల్ల బూట్లు.

మిక్సీ జార్లు పంపిన అయిదుగురికీ కృతజ్ఞతలు. వాటిలో రెండు తడిగా వచ్చాయి. తడి జార్‌లో రుబ్బితే తహీనీ అక్కడే బిగుసుకుంటుంది. ఒకటి ఉల్లిపాయ వాసనతో వచ్చింది, పేరు చెప్పను. అన్నీ కడిగి ఆఫీసులో పెట్టాం, మూతలు కలిసిపోయాయి. ఆరోగ్య ఫారం పూర్తిగా నింపి తెచ్చినవారికి సోమవారం జార్ ఇస్తాం. ఏ అలర్జీ లేకపోతే "ఏమీ లేదు" అని రాయండి, గీత గీసి వదలకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు